మైనస్‌ని మైనస్‌తో భాగిస్తే ప్లస్ ఎందుకొస్తుంది? పరీక్ష ముందు గుర్తులు తడబడుతున్నవారికి

నీ ప్రశ్న సారాంశం ఇది: వారంలో లెక్కల పరీక్ష ఉంది, ధన, రుణ సంఖ్యల భాగహారంలో గుర్తులు తారుమారవుతున్నాయి, "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అని బట్టీ పట్టినా మార్కులు పోతున్నాయి, కాబట్టి తేలిగ్గా గుర్తుండే చిట్కా ఏదైనా చెప్పాలి. చదువుకునే పిల్లవాళ్లని తెలుస్తోంది కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. ఈ పాఠం నేను చాలా ఏళ్లుగా చెబుతున్నాను. నీ ఇబ్బంది నువ్వు అనుకుంటున్న చోట లేదు.

నువ్వు పెట్టిన మూడు లెక్కలు చూడు. −24 ÷ (−6) = 4 అన్నావు, సరైనదే. 30 ÷ (−5) = −6 అన్నావు, అదీ సరైనదే. మూడోది (−9 − 6) ÷ 3. దీనికి 5 అని వేశావు. సరైన జవాబు −5. ఎక్కడ పోయింది? భాగహారంలో కాదు. బ్రాకెట్ లోపల −9 − 6 దగ్గర రెండు మైనస్‌లు కనిపించగానే చెయ్యి దానంతటదే +15 రాసేసింది. అది −15. సున్నాకి 9 కింద ఉన్నవాడు ఇంకో 6 కిందికి దిగితే పైకి ఎలా వస్తాడు? −15ని 3తో భాగించి ఉంటే −5 వచ్చేది.

అంటే నిన్ను ముంచుతున్నది ఆ బట్టీ పట్టిన వాక్యమే. "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అనే మాటలో "కలిస్తే" అంటే ఏమిటో ఎవరూ చెప్పరు. గుణిస్తే ప్లస్, భాగిస్తే ప్లస్. కూడితే కాదు. −9కి −6 కలిపితే −15, అది ఇంకా లోతైన మైనస్. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే, భాగహారం నియమం దగ్గర కాదు. అందుకే మొదటి పని ఆ వాక్యాన్ని మరిచిపోవడం. దాని బదులు ఇలా అనుకో: రెండు సంఖ్యల్నీ గుణించినా, ఒకదాన్ని మరొకదానితో భాగించినా, గుర్తులు ఒకటే అయితే జవాబు ధనం, వేరైతే రుణం. "గుణించినా, భాగించినా" అనే మాటలు లేకుండా ఈ నియమాన్ని ఎప్పుడూ మనసులో కూడా అనుకోవద్దు.

ఇప్పుడు "ఎందుకు" సంగతి. పరీక్షకి వారమే ఉన్నప్పుడు కారణాలు అనవసరం అనిపిస్తుంది. కానీ కారణం తెలిసినవాడికి పరీక్ష హాల్లో అనుమానం వస్తే తీర్చుకోవడానికి దారి ఉంటుంది, బట్టీ పట్టినవాడికి ఉండదు.

భాగహారం అంటే తిప్పి అడిగిన గుణకారమే. 24 ÷ 6 ఎంత అంటే, 6ని దేనితో గుణిస్తే 24 వస్తుంది అని. ఆరు నాలుగులు ఇరవై నాలుగు, కాబట్టి 4. ఇంతే. రుణ సంఖ్యలు వచ్చినా ప్రశ్న మారదు. ఖాళీ గడి పెట్టి రాసుకుందాం.

−24 ÷ 6 = □ అంటే, 6 × □ = −24. ఆరుని దేనితో గుణిస్తే మైనస్ ఇరవై నాలుగు? 4తో గుణిస్తే 24 వస్తుంది, అది కాదు. −4తో గుణిస్తే −24. గడిలో −4.

24 ÷ (−6) = □ అంటే, −6 × □ = 24. ఇక్కడ 4 పెడితే −24 వచ్చేస్తుంది. మనకు కావలసింది +24, కాబట్టి −4 పెట్టాలి. గడిలో మళ్లీ −4.

−24 ÷ (−6) = □ అంటే, −6 × □ = −24. ఇక్కడ 4 పెడితే సరిగ్గా −24. గడిలో 4. ఈ మూడోదాన్ని జాగ్రత్తగా చూడు. మైనస్‌ని మైనస్‌తో భాగిస్తే ప్లస్ రావడంలో ఏ గమ్మత్తూ లేదు. −6ని నాలుగుసార్లు కూడితే −24 వస్తుంది, −24లో −6లు నాలుగున్నాయి. నిజానికి నాలుగు రకాల్లోనూ 24 ÷ 6 తర్వాత తేలికైనది ఇదే. అందరూ దీన్ని చూసే భయపడతారు, అది వేరే సంగతి.

కాస్త ఇబ్బంది పెట్టేది మధ్యలోది, 24 ÷ (−6). ఇరవై నాలుగుని మైనస్ ఆరు మందికి పంచడం అంటే అర్థం లేదు. ఇరవై నాలుగులో మైనస్ ఆర్లు ఎన్ని అన్నా వెంటనే తట్టదు. దీనికి నేను చెప్పేది నీళ్ల ట్యాంకు. ట్యాంకులో నీటిమట్టం గంటకి 6 సెంటీమీటర్లు తగ్గుతోంది అనుకో. వేగం −6. ఇప్పటి సమయం సున్నా, రాబోయే గంటలు ధనం, గడిచిపోయిన గంటలు రుణం. మట్టంలో మార్పుని వేగంతో భాగిస్తే సమయం వస్తుంది. మట్టం ఇప్పటికంటే 24 సెంటీమీటర్లు కిందికి ఎప్పుడు వస్తుంది? −24 ÷ (−6) = 4, అంటే నాలుగు గంటల తర్వాత. మరి ఇప్పటికంటే 24 సెంటీమీటర్లు పైన ఎప్పుడుంది? 24 ÷ (−6) = −4, అంటే నాలుగు గంటల క్రితం. తగ్గుతున్న ట్యాంకులో నీళ్లు ఎక్కువగా ఉన్న సమయం వెనకే కదా ఉంటుంది. ఆ మైనస్‌కి అర్థం అదే. ట్యాంకు నిండుతూ ఉంటే వేగం +6. అప్పుడు 24 సెంటీమీటర్లు తక్కువగా ఉన్నది ఎప్పుడు? −24 ÷ 6 = −4, అదీ నాలుగు గంటల క్రితమే. మాటల్లో ఇచ్చే లెక్కల్లో ఉష్ణోగ్రత, లోతు, ఎత్తు ఏది ఇచ్చినా లోపల ఉండేది ఇదే ట్యాంకు.

సరే, ఇదంతా గుణకారం మీద నిలబడింది. "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అని ఎవరు చెప్పారు?" అని నువ్వు అడగవచ్చు. అడగాలి కూడా. −6 × 4 = −24 అనేది అందరూ ఒప్పుకుంటారు, −6ని నాలుగుసార్లు కూడడమే కాబట్టి. ఇప్పుడు −6ని (4 + (−4))తో గుణించు. బ్రాకెట్‌లో ఉన్నది సున్నా, కాబట్టి లబ్ధం సున్నా. అదే బ్రాకెట్ విప్పి గుణిస్తే −6 × 4, దానికి −6 × (−4) కలపాలి. మొదటిది −24. మొత్తం సున్నా కావాలంటే రెండోది +24 అయి తీరాలి. ఇంకో దారి లేదు. దీన్ని ఒక్కసారి నీ చేత్తో నువ్వే కాగితం మీద రాసి చూసుకో, చదివి వదిలేస్తే నిలవదు. ఒకసారి రాసినవాళ్లు తర్వాత ఈ నియమం గురించి మళ్లీ అడగడం నేను చూడలేదు.

ఇదేదో నీ ఒక్కడి అనుమానమో, నీ ఒక్కదాని అనుమానమో కాదు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఆంటోయిన్ ఆర్నో అనే పండితుడు ఇదే భాగహారం మీద అభ్యంతరం చెప్పాడు. −1 చిన్నది, 1 పెద్దది. చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే వచ్చేదీ, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే వచ్చేదీ ఒకటే ఎలా అవుతుంది అని. కానీ −1 ÷ 1 కూడా −1, 1 ÷ (−1) కూడా −1. ఆయన తడబాటు ఎక్కడుందంటే, ధన సంఖ్యల దగ్గర అలవాటైన "చిన్న బై పెద్ద, పెద్ద బై చిన్న" అనే అంచనాని రుణ సంఖ్యల దగ్గరికి అలాగే తెచ్చుకోవడంలో. అలాంటిదే ఇంకొకటి నీకూ ఉండి ఉంటుంది: భాగిస్తే సంఖ్య తగ్గుతుందని. −24ని 6తో భాగిస్తే −4 వచ్చింది. −4 అనేది −24 కంటే పెద్దది. తగ్గలేదు, పెరిగింది. తగ్గింది సున్నా నుంచి ఉన్న దూరం మాత్రమే. "జవాబు పెద్దదైంది, తప్పేమో" అని కొట్టేసి మళ్లీ చేసే పిల్లలున్నారు, అందుకే చెబుతున్నాను.

ఇక చేసే పద్ధతి. గుర్తు ముందు, అంకెలు తర్వాత. లెక్క చూడగానే రెండు గుర్తులూ చూసి, జవాబు గుర్తుని ముందే కాగితం మీద రాసేయి. ఆ తర్వాత గుర్తుల సంగతి మరిచిపోయి మామూలు భాగహారం చేసుకో. −1512 ÷ 36 ఇచ్చారనుకో. గుర్తులు వేరు, కాబట్టి ముందు "−" రాశావు. పక్కన చిత్తులో 1512ని 36తో భాగించావు, 42 వచ్చింది. రాసి ఉంచిన మైనస్ పక్కన 42 చేర్చావు, −42. చిత్తులో చేసే దీర్ఘ భాగహారంలోకి మైనస్‌ని తీసుకెళ్లవద్దు, మధ్యలో తీసివేతలు చేసేటప్పుడు అది ఎటుపోతుందో తెలియదు. చివర్లో గుర్తు వేద్దాంలే అనుకుంటే, అంకెలు కుదిరిన సంతోషంలో గుర్తు మరిచిపోతాం.

వరుసగా చాలా సంఖ్యలు ఉండి, వాటి మధ్య గుణకారాలూ భాగహారాలూ మాత్రమే ఉంటే మైనస్‌లు లెక్కపెట్టు. సరిసంఖ్యలో ఉంటే ధనం, బేసిసంఖ్యలో ఉంటే రుణం. −60 ÷ (−3) ÷ (−4) × (−2)లో నాలుగు మైనస్‌లు, కాబట్టి ధనం. అంకెలు 60, 20, 5, 10. జవాబు 10. మధ్యలో ఒక్క కూడికో తీసివేతో వచ్చిందంటే ఈ లెక్కింపు పనికిరాదు, అక్కడితో ఆ గొలుసు తెగిపోతుంది. కూడిక గుర్తుకి అటు ఉన్నవి వేరే గొలుసు, ఇటు ఉన్నవి వేరే గొలుసు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. −36 ÷ 6 ÷ (−3) చెయ్యమంటే కొందరు వెనకవైపున్న 6 ÷ (−3)ని ముందు చేస్తారు, ఎందుకంటే అది తేలిగ్గా కనిపిస్తుంది. −2 వస్తుంది, తర్వాత −36 ÷ (−2) = 18 అంటారు. ఎడమ నుంచి కుడికి చేస్తే −36 ÷ 6 = −6, −6 ÷ (−3) = 2. సరైనది 2. రెండు జవాబులకీ గుర్తు ఒకటే, ధనం. అంటే గుర్తు సరిచూసుకున్నా ఈ తప్పు దొరకదు. గుణకారం, భాగహారం వరుసగా ఉంటే ఎడమ నుంచి కుడికే వెళ్లాలి.

ఒక పెద్ద లెక్కని మెల్లగా చేద్దాం, పరీక్షలో ఎక్కువ మార్కులకి ఇచ్చేవి ఇలాగే ఉంటాయి:

−48 ÷ (−6) × 2 − (−10) ÷ 5

ముందు కూడిక, తీసివేత గుర్తులు ఎక్కడున్నాయో వెతుకు. 2కీ (−10)కీ మధ్య ఉన్న మైనస్ తీసివేత. −10 ముందు బ్రాకెట్ లోపల ఉన్న మైనస్ ఆ సంఖ్య గుర్తు. −48 ముందున్నది కూడా సంఖ్య గుర్తే. ఈ తేడా కంటికి ఆనకపోతే తీసివేత గుర్తు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టు. లెక్క రెండు ముక్కలైంది. ఎడమ ముక్క −48 ÷ (−6) × 2. రెండు మైనస్‌లు, ధనం. 48 ÷ 6 = 8, ఇంటూ 2, 16. కుడి ముక్క (−10) ÷ 5. ఒక మైనస్, రుణం, −2. ఇప్పుడు మధ్యలో తీసివేత పెట్టి కలుపు: 16 − (−2). −2ని తీసేయడం అంటే 2 కలపడం, 18.

ఈ లెక్కలో 14 అని వేసేవాళ్లు చాలామంది. వాళ్లు కుడి ముక్కని చేసేటప్పుడు తీసివేత గుర్తునీ −10 గుర్తునీ ఒకటే అనుకుని ఒక మైనస్‌ని మింగేస్తారు. 16 − 2 అని రాసేస్తారు. దీనికి మందు ఒక్కటే: రుణ సంఖ్యని లెక్క మధ్యలో ఎప్పుడు రాసినా బ్రాకెట్‌లో పెట్టు. 16 − −2 అని రాస్తే రెండు గీతలు ఒకదానికొకటి అతుక్కుని ఒకటైపోతాయి. బ్రాకెట్ గీయడానికి పట్టే రెప్పపాటు కోసం పిసినారితనం వద్దు.

బ్రాకెట్ అన్నాను కాబట్టి వర్గాల సంగతి. (−6)² ÷ 4 అంటే 36 ÷ 4, జవాబు 9. −6² ÷ 4 అంటే ముందు 6కి వర్గం చేసి ఆ తర్వాత మైనస్ తగిలించడం, అంటే −36 ÷ 4, జవాబు −9. బ్రాకెట్ లేకపోతే ఘాతం అంకెకే తగులుతుంది, మైనస్‌కి తగలదు. ప్రశ్నపత్రం తయారు చేసేవాళ్లకి ఇది చాలా ఇష్టమైన చోటు.

భిన్నాల దగ్గర కాస్త ఆగుదాం. భిన్నం గీత కూడా భాగహారం గుర్తే. −3/4 అన్నా, 3/(−4) అన్నా, మొత్తం భిన్నం ముందు మైనస్ పెట్టినా విలువ ఒకటే. పైనుందా, కిందుందా, పక్కనుందా అనేది పట్టింపు కాదు. కానీ పైనా కిందా రెండుచోట్లా ఉంటే అవి పోయి 3/4 అవుతుంది. జవాబులో హారం దగ్గర మైనస్ మిగిలితే దాన్ని పైకి పంపి రాయడం మర్యాద, దిద్దేవాళ్లకీ చదవడానికి బాగుంటుంది.

గీతకి పైన రెండు మూడు పదాలుంటే ఆ గీత బ్రాకెట్‌లా పనిచేస్తుంది. పైన −8 − 4, కింద −3 ఉంటే, పైనదంతా ముందు కుదించాలి: −12. తర్వాత −12 ÷ (−3) = 4. దీన్నే ఒకే వరుసలోకి దించి −8 − 4 ÷ (−3) అని రాసుకుంటే లెక్క మారిపోతుంది. నోట్సులో పైనా కిందా ఉన్నదాన్ని పక్కపక్కన రాసేటప్పుడు (−8 − 4) ÷ (−3) అని బ్రాకెట్ తప్పనిసరి.

భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని తిరగేసి గుణిస్తాం, ఇది నీకు తెలుసు. తిరగేసినప్పుడు గుర్తు మారదు. −9/8ని తిరగేస్తే −8/9. దీన్ని 8/9 అని రాసేవాళ్లని చూస్తుంటాను. తిరగేయడమంటే లవం హారం తారుమారు చేయడం, మైనస్‌ని ప్లస్ చేయడం కాదు. సంకలన విలోమం, గుణకార విలోమం అని రెండు పాఠాలు పక్కపక్కనే చెబుతారు కాబట్టి ఈ రెండూ బుర్రలో కలిసిపోతాయి. −9/8కి సంకలన విలోమం 9/8, గుణకార విలోమం −8/9. భాగహారానికి కావలసింది రెండోది. (−3/4) ÷ (−9/8) చేసి చూద్దాం: (−3/4) × (−8/9). రెండు మైనస్‌లు, ధనం. 24/36, కుదిస్తే 2/3. దశాంశాలకి కొత్తగా చెప్పేదేమీ లేదు. −4.5 ÷ 0.9లో ముందు మైనస్ రాసుకో, తర్వాత 45 ÷ 9 చేసుకో, −5.

సున్నా మాత్రం ప్రత్యేకం. 0 ÷ (−5) = 0. −5ని దేనితో గుణిస్తే సున్నా వస్తుంది, సున్నాతోనే. సున్నాకి ముందు మైనస్ అక్కర్లేదు. −5 ÷ 0 అంటే 0 × □ = −5. ఏ సంఖ్య పెట్టినా ఎడమవైపు సున్నాయే వస్తుంది, −5 రాదు. కాబట్టి జవాబు లేదు, "నిర్వచించబడదు" అని రాయాలి. సున్నా అని రాస్తే తప్పు. 0 ÷ 0 ఇంకో రకం చిక్కు. 0 × □ = 0కి ఏ సంఖ్య పెట్టినా సరిపోతుంది, అందుకే ఒక్క జవాబంటూ లేక అదీ నిర్వచించబడదు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ధన, రుణ సంఖ్యల నియమాలు రాశాడు. ధనాన్ని ధనంతో, రుణాన్ని రుణంతో భాగిస్తే ధనమని, ఒకటి ధనం ఒకటి రుణం అయితే రుణమని ఈనాడు మనం చెప్పేదే చెప్పాడు. అంతటివాడూ సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. ఆ ఒక్కటీ తర్వాతి గణితం ఒప్పుకోలేదు. గడి పెట్టి అడిగే పద్ధతి నీ చేతిలో ఉంది కాబట్టి నువ్వు ఆ పొరపాటు చేయనక్కర్లేదు.

−1తో భాగిస్తే గుర్తు మారుతుంది, ఇంకేమీ మారదు. ఒక సంఖ్యని దాని వ్యతిరేక సంఖ్యతో భాగిస్తే −1. సున్నా కానంతవరకు, అనుకో.

సగటు లెక్కల్లో కూడా ఇదే భాగహారం వస్తుంది. −6, 2, −5, −3ల సగటు అడిగితే మొత్తం −12, సంఖ్యలు నాలుగు, సగటు −3. ఎన్ని సంఖ్యలున్నాయి అనేది ఎప్పుడూ ధనమే కాబట్టి సగటు గుర్తు మొత్తం నుంచే వస్తుంది. మొత్తంలో మూడు మైనస్‌లున్నాయి కదా అని గొలుసు పద్ధతిలో లెక్కపెట్టవద్దు, అవి కూడికలు.

శేషం వచ్చే లెక్కలు మీకు ఉంటేనే ఈ పేరా చదువు. −17ని 5తో భాగించి భాగఫలం, శేషం చెప్పమంటే భాగఫలం −3, శేషం −2 అనాలనిపిస్తుంది. శేషం రుణం కాకూడదని నియమం. అందుకని −4 దాకా వెళ్లాలి: 5 × (−4) = −20, −17కి చేరడానికి 3 కావాలి. భాగఫలం −4, శేషం 3. కంప్యూటర్లలో కూడా ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. పైథాన్‌లో అడిగితే −4, 3 అంటుంది. సి భాషలో అడిగితే −3, −2 అంటుంది. కంప్యూటర్‌లో వేసి చూసి జవాబు సరిచూసుకునే అలవాటుంటే ఇది గుర్తుంచుకో.

అసమీకరణాలు సిలబస్‌లో ఉంటే ఒక్క మాట. రెండువైపులా రుణ సంఖ్యతో భాగిస్తే అసమీకరణం గుర్తు ముఖం తిప్పుకుంటుంది. −3 × □ < 12 అయితే □ > −4. నమ్మకం కుదరకపోతే గడిలో సున్నా పెట్టి చూడు: 0 < 12 నిజం, 0 > −4 నిజం. తిప్పకుండా □ < −4 అని రాసి ఉంటే సున్నా పనికిరాకుండా పోయేది.

మిగిలిన వారం ఎలా వాడుకోవాలో చెబుతాను. భాగహారాలే వరసగా యాభై చేయకు. ఒకే రకం లెక్కలు వరసగా చేస్తే చెయ్యి ఆ నియమానికి అలవాటు పడి అన్నీ సరిగ్గా వస్తాయి, నాకు వచ్చేసింది అనిపిస్తుంది. పరీక్షలో నాలుగు ప్రక్రియలూ కలిసి వచ్చేసరికి మళ్లీ మొదటికొస్తుంది. నేను చేయించేది వేరే. రెండు సంఖ్యలు తీసుకో, −12, −3. వాటితోనే నాలుగూ చెయ్యి. కూడితే −15. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే −9. గుణిస్తే 36. భాగిస్తే 4. తర్వాత ఒకదాని గుర్తు మార్చి −12, 3తో చెయ్యి: −9, −15, −36, −4. కూడికా తీసివేతా జవాబులు తారుమారు అవడం చూశావా? గుణకారం, భాగహారం జవాబులకి గుర్తు మాత్రమే మారింది. ఆ తర్వాత 12, −3తో, చివరికి 12, 3తో. రోజుకి ఇలాంటివి నాలుగైదు జతలు చాలు. ఏ నియమం ఎక్కడ వర్తిస్తుందో వేరుచేసుకోవడం చెయ్యికి అలవాటవ్వాలి, నీకు లోటు అక్కడే ఉంది.

పరీక్షలో భాగహారం చేశాక జవాబుని భాజకంతో గుణించి చూడు. మొదటి సంఖ్య గుర్తుతో సహా తిరిగి వస్తే సరైనదే. −42 × 36 = −1512. భాగహారానికి ఇంత సులువైన సరిచూపు ఉంది, వాడుకో.

కొన్ని ఇస్తున్నాను, జవాబులు చూడకుండా చెయ్యి. −84 ÷ 7. −91 ÷ (−13). 0 ÷ (−19). 100 ÷ (−5) ÷ (−2). (−7 − 11) ÷ (−2 − 4). −4² ÷ (−2)³. (−5/6) ÷ (10/(−3)). □ ÷ (−8) = −7 అయితే గడిలో ఎంత? −54 ÷ □ = 9 అయితే గడిలో ఎంత? చివరిది 20 − 12 ÷ (−4).

జవాబులు ఇదే వరుసలో: −12, 7, 0, 10, 3, 2, 1/4, 56, −6, 23. ఐదోదాంట్లో −3 వచ్చి ఉంటే బ్రాకెట్లలో ఒకచోట రెండు మైనస్‌లని మళ్లీ ప్లస్ చేశావు. ఆరోది −2 వచ్చి ఉంటే 4కి వర్గం చేసేటప్పుడు మైనస్‌ని కూడా లోపలికి లాక్కున్నావు. చివరిదాంట్లో −2 వస్తే ముందు 20లోంచి 12 తీసేశావు, భాగహారం ముందు చెయ్యాలి. 17 వస్తే భాగహారం చేసినప్పుడు వచ్చిన −3ని బ్రాకెట్‌లో పెట్టలేదు. 20 − (−3) అని రాసి మళ్లీ చెయ్యి. ఇంకా ఏదైనా తేడాగా వస్తే జవాబు ఒక్కటే కాకుండా మధ్య మెట్లన్నీ కింద పెట్టు, ఎక్కడ జారిందో చూసి చెబుతాను.